ఉల్లిపొర

సోమ, మంగళ, బుధ: నక్కలమిట్ట.
గురు, శుక్ర, శని: ఇప్పలగూడెం.
నడుమ పదహారు కిలోమీటర్లు, ఒకే బస్సు,
నా ఒళ్లో
పాత తువ్వాలలో చుట్టిన సూక్ష్మదర్శిని.
కండక్టర్ కైరున్నీసా రోజూ అడుగుతది:
"పిల్లగాడు పండుకున్నడా మేడం?"
దానికి టికెట్ కొట్టదు.

రెండూ జిల్లా పరిషత్ బడులే.
రెంటికీ జీవశాస్త్రం నేనే.

నక్కలమిట్టల గంట ఇత్తడిది.
ఇప్పలగూడెంల ట్రాక్టర్ డిస్కును
వేపకొమ్మకు వేలాడదీసిన్రు,
దాని మోత గుట్ట అవతలి తండా దాక పోతది.
నక్కలమిట్ట బోరింగుకు ఎర్రరంగు పూసి ఏండ్లయింది,
ఎవరూ తాగరు.
అయినా అటెండర్ ముత్తిలింగం మోకాళ్లు
మెట్టు మెట్టుకూ ఆ నీళ్లను యాది చేసుకుంటయి.
అక్కడ యాభై ముగ్గురు.
ఇక్కడ నలభై ఒక్కరు, దసరా దాటితే ఇరవై ఆరు.
మిగిలినోళ్లు పుణెల,
అమ్మానాయిన ఇటుకలెత్తే కాడ
తమ్ముళ్లను ఆడిపిచ్చుకుంట.

ఆగస్టుల ఒక బుధవారం
జాల లింగస్వామి, తాత పేరు మోస్తున్న తొమ్మిదో తరగతి,
ఊపిరి బిగపట్టి ఉల్లిపొర తీసిండు.
అయోడిన్ చుక్క వేసి గాజుపలక మూసిండు.
ఆ స్లైడు పెట్టెలనే మరిచిపోయిన.
గురువారం నేనావత్ లలిత కన్ను పెట్టి చూసి
"మేడం, గిండ్ల వెంట్రుక ఉంది, ఎవలది?"
చెప్పిన.
చిట్టీ రాసి స్లైడుకు రబ్బరుతో కట్టింది:
"ఉల్లిగడ్డ కోసేటప్పుడు తల దువ్వుకో."

సోమవారం నక్కలమిట్ట తరగతంతా నవ్వింది.
వాడు నవ్వలేదు.
బుధవారానికి చీమ కాలు పంపిండు:
"దీనికి వెంట్రుకలు ఎన్నో లెక్కపెట్టి చెప్పు."
ఆమె లెక్కపెట్టింది.
తర్వాత మిరపాకు, సాలెగూడు,
కుంటనీళ్ల చుక్కల ఈదుతున్న ఏదో ఒకటి
(బస్సు దిగేసరికి ఎండిపోయింది).
ఒకల మొఖం ఒకలు చూడలే.
నేను పోస్టుమ్యాన్‌ని,
జీతం మాత్రం టీచర్ది.

దసరా సెలవులైనయి.
ట్రాక్టర్ డిస్కు మోగింది.
రెండో బెంచీల లలిత లేదు.

మొన్న ఆఫీసు నుంచి కాగితం వచ్చింది:
"ఇరు పాఠశాలల తులనాత్మక నివేదిక.
ఒకదానిని కొనసాగించు నిమిత్తము."
అన్నీ గళ్లే.
హాజరు, ఉత్తీర్ణత, మరుగుదొడ్లు, ప్రహరీగోడ.
రాత్రి లైటు కింద పరిచి చూస్తే
అచ్చం ఉల్లిపొర.
కానీ పిల్లలకు నేను చెప్పిన పాఠంల
ప్రతి గడి లోపలా ఒక నల్లచుక్క ఉంటది,
దాన్ని చూసే కదా బతికున్న కణమంటం.
ఈ కాగితంల ఎంత వెతికినా
ఒక్క చుక్క కానరాలే.

ఉత్తీర్ణత చూస్తే నక్కలమిట్ట గెలుస్తది.
గోడ చూస్తే ఇప్పలగూడెం;
గోడ బాగుంది, లోపల పిల్లలే తక్కువ.
దూరం అన్న గడి ఉంది,
కానీ అది బడికి ఊరికి మధ్య దూరమట.
పుణె దాక కొలిచే గడి లేదు.
సూక్ష్మదర్శినులు ఎన్ని అంటే
అక్కడా ఒకటి, ఇక్కడా ఒకటి అని రాసిన.
లెక్క తప్పే, అబద్ధం కాదు.

లింగస్వామి మొదట్ల అడిగేటోడు,
"జవాబు రాలేదా మేడం?"
బస్సు లేటయిందన్న.
ఇంకోసారి లెన్సు బాగలేదన్న.
ఇప్పుడు అడగడు.
బుధవారం సాయంత్రం మాత్రం
తల నున్నగ దువ్వుకొని వచ్చి
కొత్త స్లైడు పెట్టెల పెట్టిపోతడు.
ఏడు అయినయి.
ఇప్పలగూడెంల వేరే పిల్లలకు చూపిద్దామనుకుంటా,
ఎందుకో మూత తీయను.

నివేదిక శనివారం లోపల పంపాలె.
పెన్సిల్‌తో నింపిపెట్టిన.